ఆరుబయట కుర్చీ: ఏది నిలుస్తుంది, ఎందుకు నిలుస్తుంది

ఆరుబయట వేసుకునే కుర్చీలు, బల్లలు, ఉయ్యాలలు కొనడానికి వెళితే దుకాణంలో ముందుగా వినిపించేది సరుకు పేరు. ఇది టేకు, ఇది స్టెయిన్‌లెస్ స్టీలు, ఇది వికర్ అని చెబుతారు. ఆ పేరు వినగానే మన నిర్ణయం సగం అయిపోతుంది. నిజానికి అది చివర్లో అడగవలసిన ప్రశ్న. ముందు తేల్చుకోవలసినవి రెండున్నాయి: ఆ కుర్చీ రోజంతా ఎక్కడ ఉంటుంది, దాని అతుకులు ఎలా వేశారు. ఒకే రకం టేకు కుర్చీ ఒక ఇంటి వసారాలో ముప్పై ఏళ్లు నిలుస్తుంది, మరో ఇంటి డాబా మీద ఐదేళ్లకే ఊగిపోతుంది. ఆ తేడాకు కారణాన్ని చెక్కలో వెతికితే దొరకదు, ఈ రెండు ప్రశ్నల్లో వెతికితే దొరుకుతుంది.

బాల్కనీ ఉన్న ఫ్లాట్లు, మేడ మీద తోటలు పెరిగిన కొద్దీ మన నగరాల్లో ఈ సామాను మీద పెట్టే ఖర్చు కూడా పెరిగింది. పాత సామాన్ల బండి మీద చిట్లిపోయిన వికర్ సోఫాలు, తుప్పుపట్టిన ఉయ్యాల స్టాండ్లు ఇప్పుడు మామూలుగా కనిపిస్తున్నాయి. వాటిలో చాలావాటిని కొనేటప్పుడు ఓ పది నిమిషాలు తిరగేసి చూసి ఉంటే ఆ డబ్బు వృథా అయ్యేది కాదు.

ముందు చోటు చూడాలి

బయట ఉంచిన వస్తువును చెడగొట్టేవి ప్రధానంగా మూడు: ఎండలోని అతినీలలోహిత కిరణాలు, తడిసి ఆరి మళ్లీ తడవడం, సముద్రం దగ్గరైతే ఉప్పు. మొదటిదాన్ని మనం చాలా తక్కువగా అంచనా వేస్తాం. రెంటచింతలలో, రామగుండంలో 45 డిగ్రీలు దాటే వేడి గురించి అందరం మాట్లాడుకుంటాం. అయితే ప్లాస్టిక్‌ను పెళుసుగా మార్చేవి, గుడ్డ రంగును వెలిసిపోయేలా చేసేవి, చెక్క పైపొరను బూడిదరంగుకు తెచ్చేవి ముఖ్యంగా ఆ కిరణాలే. ప్లాస్టిక్‌లోని పొడవాటి అణువుల గొలుసులను అవి తెంపుతాయి. చెక్కలో నారను పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థాన్ని విడగొడతాయి. వేడి ఈ పనిని మరింత వేగంగా సాగనిస్తుంది.

వాన సంగతి కొంచెం వేరు. ఒక్కసారి తడిసినందువల్ల పెద్ద నష్టం ఉండదు. తడవడం, ఆరడం, మళ్లీ తడవడం అనే వరుస వల్లనే అసలు చేటు. చెక్క నార వెంబడి పొడవులో దాదాపు మారదు. నారకు అడ్డంగా మాత్రం తడికి ఉబ్బుతుంది, పొడికి కుంచించుకుపోతుంది. కుర్చీ కాలు, దానికి అడ్డంగా దిగిన పట్టె కలిసే ప్రతి చోటా ఒకటి ఒక దిక్కుకు, రెండోది మరో దిక్కుకు కదులుతూ ఏడాది పొడవునా పెనుగులాడుతుంటాయి. ముందు జిగురు వదులుతుంది, తరవాత కుర్చీ ఊగుతుంది. తెలంగాణలో ప్రధానంగా జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలే. కోస్తాలో, ముఖ్యంగా నెల్లూరు వైపు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మరో విడత వానలుంటాయి. సామాను పూర్తిగా ఆరే వ్యవధి అక్కడ చాలా తక్కువ.

ఉప్పుగాలి మరీ మొండిది. విశాఖ బీచ్ రోడ్డులోని బాల్కనీలో గానీ, కాకినాడ తీరంలో గానీ గాలితో వచ్చే ఉప్పు లోహం మీద పేరుకుని, గాలిలోని తేమను పీల్చుకుని పలచని తడి పొరగా నిలుస్తుంది. వాన చుక్క పడకపోయినా ఆ లోహం తడిగా ఉన్నట్టే లెక్క. ఇందులో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. తీరంలో పూర్తిగా కప్పు కింద ఉన్న లోహానికి, వాన నేరుగా పడే లోహం కన్నా ఎక్కువ మచ్చలు పడవచ్చు. వాన నీరు ఉప్పును కడిగేస్తుంది, కప్పు కింద ఆ కడుగుడు ఉండదు. అందుకే తీరప్రాంతంలో కప్పు ఉందన్న ధీమా లోహపు సామానుకు పనికిరాదు. వారానికి, పది రోజులకు ఒకసారి మంచినీటితో తుడవాలి.

కాబట్టి దుకాణానికి వెళ్లే ముందు కుర్చీ వేయబోయే చోట ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం ఎండ ఎక్కడిదాకా వస్తుందో చూసుకోండి. గాలివానలో జల్లు ఎంత లోపలికి కొడుతుందో గుర్తు చేసుకోండి. ఉత్తరం వైపు కప్పున్న బాల్కనీలో మామూలు పేము కుర్చీ కూడా హాయిగా బతుకుతుంది. పడమటి ముఖం బాల్కనీలో అదే కుర్చీ రెండు వేసవుల్లో చిట్లుతుంది. ఏ నీడా లేని డాబా అన్నిటికన్నా కఠినమైన చోటు. పెరట్లో మట్టి మీద వేసే సామానుకు ఎండా వానలతో పాటు చెదల బెడద కూడా ఉంటుంది. అక్కడ చెక్క కాలు ఏదైనా నేరుగా మట్టిని తాకకూడదు, కింద ఓ బండరాయి ముక్క తప్పనిసరి.

చెక్కలో చూడవలసింది చేవ

టేకుకు ఉన్న పేరు ఊరికే రాలేదు. దాని చేవలో, అంటే చెట్టు నడిమి ముదురు చెక్కలో, సహజమైన నూనెలు, చెదలకూ బూజుకూ గిట్టని పదార్థాలు ఉంటాయి. తడికి ఉబ్బడం, కుంచించుకుపోవడం కూడా చాలా చెక్కల కన్నా తక్కువ. ఓడల నిర్మాణంలో శతాబ్దాల పాటు దాన్ని వాడింది ఇందుకే. అయితే ఈ గుణాలన్నీ చేవవే. చెట్టు బయటి వలయాల్లో ఉండే పాలిపోయిన తెల్లచెక్కకు ఆ రక్షణ లేదు. చిన్న వయసులో నరికిన తోట టేకులో ఈ తెల్లచెక్క వాటా ఎక్కువ. కుర్చీ మొత్తానికి ఒకే ముదురు రంగు పూసేస్తే రెండింటి తేడా కంటికి ఆనదు. అందుకని కుర్చీని తిరగేసి రంగు సరిగా పడని అడుగుభాగం చూడండి. బంగారు గోధుమరంగు చెక్క పక్కన తెల్లటి చారలు కనిపిస్తే ముందుగా పుచ్చేవి అవే. అవి కాళ్ల చివర్లలో ఉంటే ఆ కుర్చీ వదిలేయడం మంచిది.

కలప అడితిలో బలార్షా టేకు, నాగపూర్ టేకు, బర్మా టేకు, ఆఫ్రికన్ టేకు అంటూ ఊళ్ల పేర్లు, దేశాల పేర్లు వినిపిస్తాయి. ఊరి పేరు చేవకు హామీ ఇవ్వదు. బర్మా టేకు అని చెప్పిన దుంగలోనూ తెల్లచెక్క ఉంటుంది, మన అడవుల టేకులోనూ మంచి చేవ ఉంటుంది. ఆఫ్రికన్ టేకు పేరుతో వచ్చేది అన్నిసార్లూ అసలు టేకే అయి ఉండదు, ఆ పేరుతో వేరే జాతుల చెక్కలు కూడా అమ్ముడవుతాయి.

టేకు ఒక్కటే దిక్కు అనుకోవడం కూడా సరికాదు. ఎండా వానలను ఓర్చుకునే చెక్కల సంగతి మన పల్లెల్లో వడ్రంగులకు ఎప్పటినుంచో తెలుసు. ఎడ్లబండి చక్రానికి, నాగలికి నల్లతుమ్మ చేవను ఎంచుకున్నది అది ఆరుబయట ఆ దెబ్బలకు ఆగుతుందనే. తుమ్మ చేవతో చేసిన తోట బల్ల బరువుగా, మొరటుగా ఉండవచ్చు, కానీ గట్టిది. వేప చేవ కూడా చెదలను చాలావరకు ఆపుతుంది. మామిడి చెక్క, రబ్బరు చెక్క మాత్రం ఎంత అందంగా పాలిష్ చేసినా ఇంటి లోపలివే. ప్లైవుడ్ అయితే దాని మీది ముద్ర చూడాలి. ఐఎస్ 303 అనే భారతీయ ప్రమాణం కింద తేమను తట్టుకునే రకంగా అమ్మే ప్లైవుడ్ జల్లు తగిలే చోటికి చాలదు. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ కావాలి. అది కూడా అంచులు మూసి, కప్పు కింద వాడితేనే. చెక్క నారను జిగురుతో అదిమి చేసే ఎమ్‌డీఎఫ్ పలకకు ఆరుబయట ఏ చోటూ తగదు.

ఇప్పుడు అతుకుల దగ్గరికి వద్దాం. నా దృష్టిలో మిగతా అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. ఒక ముక్కకు దీర్ఘచతురస్రపు రంధ్రం తొలిచి, రెండో ముక్క చివరను అందులో బిగుతుగా దిగవేసి, అడ్డంగా చెక్క మేకు కొట్టిన అతుకు, జిగురు పోయినా విడిపోదు. రెండు ముక్కలను ఎదురెదురుగా పెట్టి నాలుగు స్క్రూలు బిగించిన అతుకు మొదటి వానాకాలం నుంచే సడలుతుంది. మామూలు ఇనప స్క్రూ అయితే తుప్పుపట్టి చుట్టూ చెక్కను నల్లబరుస్తుంది. కుర్చీ వెనకపట్టీని రెండు చేతులతో పట్టుకుని ముందుకూ వెనక్కూ, పక్కలకూ గట్టిగా ఊపి చూడండి. కొత్తగా ఉన్నప్పుడే కిర్రుమంటే ఇక ఆగదు. కూర్చునే చోట పట్టెల మధ్య నీరు జారే సందులు ఉన్నాయో లేదో చూడండి. ఒకే పలక వేసిన సీటు మీద నీరు నిలుస్తుంది.

కాళ్ల చివర్లను ఎవరూ పట్టించుకోరు. చెక్క తడిని అతి వేగంగా పీల్చుకునేది నార తెగిన కొసల దగ్గర. ప్రతి వానకూ టైల్స్ మీద నిలిచిన నీటిలో నాలుగు కాళ్ల కొసలూ నానుతుంటాయి. కొనగానే కుర్చీని తలకిందులు చేసి ఆ కొసలకు ఎపాక్సీ పూసి, ఆరాక రబ్బరు తొడుగులు గానీ నైలాన్ దిమ్మెలు గానీ బిగిస్తే కుర్చీ ఆయుష్షు బాగా పెరుగుతుంది. ఖర్చు కూడా చాలా తక్కువ.

పాలిష్ విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఇంటి లోపలి తలుపులకు వేసే మెలమైన్ పాలిష్, పారదర్శకమైన వార్నిష్ ఎండలో ఉండే చెక్కకు వేయించవద్దు. కిరణాలు ఆ పొరలోంచి దూరి కింద చెక్క పైపొరను చెడగొడతాయి, పొర పట్టు తప్పి పెచ్చులుగా లేస్తుంది. ఆ పెచ్చుల కింద నీరు నిలిచి నల్ల మచ్చలు పడతాయి. తరవాత మొత్తం గీకి మళ్లీ వేయించాల్సిందే. మంచి చేవ ఉన్న టేకును అలాగే వదిలేస్తే కొన్ని నెలల్లో వెండిరంగు బూడిద ఛాయకు వస్తుంది. అది పైపైన మారిన రంగే, లోపల బలం చెక్కుచెదరదు. ఆ ఛాయ నచ్చనివారు ఏటా ఎండాకాలం ముందు బయటి చెక్కకు ఉద్దేశించిన నూనె పూసుకోవచ్చు. పచ్చి అవిసె నూనె మాత్రం కోస్తా తేమలో బూజుకు మేతవుతుంది, దాన్ని దూరంగా ఉంచండి.

అయస్కాంతం చెప్పని నిజం

స్టెయిన్‌లెస్ స్టీలు కొనేటప్పుడు చాలామంది జేబులోంచి అయస్కాంతం తీస్తారు. అంటుకోకపోతే మంచి స్టీలు అని సంతోషిస్తారు. ఈ పరీక్షను నమ్మడానికి లేదు. మన మార్కెట్‌లో రెయిలింగులకు, కుర్చీలకు చౌకగా వాడే 202 రకం కూడా 304 రకంలాగే సాధారణంగా అయస్కాంతానికి అంటుకోదు. 202లో నికెల్‌ను తగ్గించి మాంగనీసు పెంచుతారు. చూడటానికి మెరుపు అదే, తుప్పును ఆపే శక్తి తక్కువ. హైదరాబాద్‌లోనో కర్నూలులోనో కప్పు కింద 202 కొంతకాలం నెట్టుకొస్తుంది. వాన తగిలే చోటికి 304 తీసుకోవాలి. సముద్రతీరంలో 304 మీద కూడా టీ మరకల్లాంటి గోధుమ మచ్చలు వస్తాయి. అక్కడికి తగినది 316 రకం. అందులో అదనంగా కలిపే 2 నుంచి 3 శాతం మాలిబ్డినమ్ ఉప్పు దాడిని తట్టుకుంటుంది. ధర ఎక్కువే. రకం సంఖ్యను బిల్లు మీద రాయించుకోండి. రాయడానికి దుకాణదారు వెనకాడితే మీకు కావలసిన జవాబు దొరికినట్టే.

మామూలు ఇనప గొట్టంతో చేసి పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి వేడితో కరిగించి పట్టించే పూత) వేసిన సామాను ధర అందుబాటులో ఉంటుంది. దాని బతుకంతా ఆ పూత కింద ఏం జరిగిందన్న దాని మీద ఆధారపడుతుంది. పూతకు ముందు లోహాన్ని నూనె, తుప్పు పోయేలా కడిగి ఫాస్ఫేట్ పొర పట్టించాలి. ఈ పనివాళ్లు దీన్ని సెవెన్ ట్యాంక్ ప్రాసెస్ అంటారు. ఈ శుద్ధి చేయకుండా నేరుగా పూత వేస్తే బయటికి అంతే నునుపుగా కనిపిస్తుంది, కానీ ఒక్క గీత పడిన చోట మొదలైన తుప్పు పూత కిందుగా పాకిపోతుంది. ఇంకో రహస్య శత్రువు గొట్టం లోపలి నీరు. వెల్డింగ్ సందుల్లోంచి లోపలికి చేరిన నీరు కాళ్ల అడుగున ప్లాస్టిక్ మూతల వల్ల బయటికి రాలేక, గొట్టాన్ని లోపలినుంచి తినేస్తుంది. బయట రంగు చెక్కుచెదరకుండానే ఒకరోజు కాలు మడతపడుతుంది. వెల్డింగ్ గొట్టం చుట్టూ పూర్తిగా వేశారా, అక్కడక్కడ చుక్కలు పెట్టి వదిలేశారా అని చూడండి. కాళ్ల అడుగున నీరు కారే చిన్న రంధ్రం ఉంటే అది శ్రద్ధగా చేసిన పని అని గుర్తు. ఉన్న ఊళ్లోనే చేయించుకునేవారు వెల్డింగ్ అంతా అయ్యాక జింకు పూత వేయించి, దాని మీద రంగు వేయిస్తే చాలా ఏళ్లు నిశ్చింతగా ఉండవచ్చు.

నీడలేని డాబాకు నేను సిఫారసు చేసేది అల్యూమినియం. ఉక్కు బరువులో మూడో వంతు ఉంటుంది, తుప్పుపట్టదు, దాని మీద తనంతట ఏర్పడే ఆక్సైడ్ పొరే దానికి కవచం. రెండు లోపాలున్నాయి. తేలిక కావడంతో గాలివానకు ఎగురుతుంది. అందులో ఇనప స్క్రూలు వాడితే, ఉప్పుగాలిలో రెండు లోహాలు కలిసే చోట అల్యూమినియం వేగంగా తినేయబడి తెల్లటి పొడి రాలుతుంది. బోల్టులు స్టెయిన్‌లెస్ అయి, మధ్యలో నైలాన్ వాషర్లు ఉంటే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది.

ప్లాస్టిక్, వికర్, పేము

ఒకే అచ్చులో పోసిన ప్లాస్టిక్ కుర్చీని చిన్నచూపు చూడటం అన్యాయం. పెళ్లి పందిరి నుంచి టీ బంకు దాకా దేశమంతా కూర్చుంటున్నది దాని మీదే. దానికి అతుకు అన్నదే లేదు, అదే దాని బలం. ఫ్రాన్స్‌కు చెందిన ఇంజినీరు హెన్రీ మాసొనే 1972లో రూపొందించిన అలాంటి కుర్చీ ఈ రకం ప్రపంచమంతటా పాకడానికి దారివేసింది. ఇవి ఎక్కువగా పాలీప్రొపిలిన్‌తో చేస్తారు. కిరణాలను తట్టుకునే రసాయనాలు కలపకపోతే ఆ ప్లాస్టిక్ ఎండలో పెళుసుబారుతుంది. చేత్తో రుద్దితే తెల్లటి పొడి అంటుకుంటోందంటే పైపొర చెడిపోతోందని అర్థం. అలాంటి కుర్చీలో పెద్దవాళ్లను కూర్చోబెట్టవద్దు, కాలు హెచ్చరిక లేకుండా విరుగుతుంది. కొనేటప్పుడు సీటు మధ్య అరచేతితో గట్టిగా నొక్కండి. మందం తక్కువగా ఉన్న కుర్చీ అక్కడే లొంగుతుంది.

వికర్ పేరుతో అమ్మే అల్లిక సోఫాల్లో రెండు రకాల పట్టీలుంటాయి. పీవీసీ పట్టీ కొత్తలో మెత్తగా ఉంటుంది, ఎండలో అందులోని మెత్తదనమిచ్చే పదార్థం వెళ్లిపోయి బిరుసెక్కి చిట్లుతుంది. హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్ పట్టీకి కిరణాల రక్షణ కలిపి ఉంటే చాలా ఏళ్లు ఆగుతుంది. అల్లిక లోపలి చట్రం ఇనుమా, అల్యూమినియమా అన్నది ఇంకా ముఖ్యం, ఎందుకంటే అల్లిక దాన్ని పూర్తిగా దాచేస్తుంది. ఇనుమైతే అయస్కాంతం అల్లిక మీదినుంచే లాగుతుంది. అయస్కాంతం నిజంగా అక్కరకొచ్చేది ఇక్కడే.

అసలు పేము కుర్చీ, వెదురు బల్ల కప్పు కిందే ఉండాలి. వెదురులోని పిండి పదార్థం కోసం పురుగు చేరి సన్నటి పొడి రాలుస్తుంది. బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీటిలో నానబెట్టి శుద్ధి చేసిన వెదురు అడిగి తీసుకోవాలి. ఈ శుద్ధి వానలో నానితే కొట్టుకుపోతుంది కాబట్టి దానికీ కప్పు తప్పదు.

ఇక రాయి. రచ్చబండ మీద తరాలు కూర్చున్నాయి, దాన్ని ఎవరూ మార్చలేదు. సొంత పెరడు ఉన్నవారికి నాపరాయి బల్లను, గ్రానైటు బల్లను మించిన మన్నిక మరెక్కడా దొరకదు. చెట్టు నీడలో వేయాలి, లేకపోతే మధ్యాహ్నపు వేడిని పొద్దుపోయేదాకా దాచుకుంటుంది. బాల్కనీలో మాత్రం ఆలోచించాలి. ఐదడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, రెండంగుళాల మందం ఉన్న గ్రానైటు పలక ఒక్కటే 90 కిలోల పైన తూగుతుంది. మన నిర్మాణ ప్రమాణాలు నివాస బాల్కనీకి చదరపు మీటరుకు సుమారు 300 కిలోల భారాన్ని లెక్కలోకి తీసుకుంటాయి. రాతి బల్ల, మట్టితో నిండిన పెద్ద కుండీలు, పది మంది మనుషులు ఒకే అంచున చేరకూడదు. పాత భవనమైతే ఇంజినీరును అడగకుండా రాయి పెట్టవద్దు.

కూర్చోవడానికి హాయిగా ఉండాలి

ఎంత మన్నినా కూర్చోబుద్ధి కాని కుర్చీ చోటు దండగ. బొమ్మల్లో అందంగా కనిపించే లోతైన లాంజ్ సోఫాలు చాలావరకు పొడవాటి మనుషుల కోసం గీసినవి. సీటు లోతు 22 అంగుళాలు దాటితే మన ఇళ్లలో చాలామందికి, ముఖ్యంగా అమ్మలకు, అమ్మమ్మలకు వీపు ఆనితే పాదాలు నేలకు అందవు. సీటు అంచు మోకాలి వెనక ఒత్తి కాళ్లు తిమ్మిరెక్కుతాయి. నిటారుగా కూర్చుని కాఫీ తాగడానికీ, తినడానికీ సీటు లోతు 16 నుంచి 18 అంగుళాలు, ఎత్తు కూడా 16 నుంచి 18 అంగుళాలు సరిపోతుంది. మోకాళ్ల నొప్పులున్నవారికి ఎత్తు 18, 19 అంగుళాలు ఉండి, లేవడానికి చేతులు ఆన్చుకునే గట్టి చేతిపట్టీలు ఉండాలి. అంగుళం తేడా వాళ్లకు చాలా పెద్ద తేడా. భోజనం చేసే బల్లకూ సీటుకూ మధ్య 10 నుంచి 12 అంగుళాల ఎడం ఉంటే భుజాలు ఎత్తకుండా తినవచ్చు.

మనకు మరో అలవాటుంది. కుర్చీలో కూడా కాసేపటికి కాళ్లు పైకి లాగి మఠం వేసుకుంటాం. అందుకు చేతిపట్టీల మధ్య కనీసం 24 అంగుళాల వెడల్పు కావాలి. దుకాణంలో మొహమాటపడకుండా చెప్పులు విప్పి అలా కూర్చుని చూడండి. రెండు నిమిషాలు కూర్చుంటే తెలియదు, పది నిమిషాలు కూర్చోండి. వీపు పట్టె నిటారుగా 90 డిగ్రీల్లో ఉంటే నడుము ముందుకు జారుతుంది. 100 నుంచి 110 డిగ్రీల దాకా వాలి ఉంటేనే విశ్రాంతి.

ఎండ తగిలే చోట తాకిడి వేడి కూడా లెక్కే. ఒకే ఎండలో ఒకే ఉష్ణోగ్రతకు చేరినా లోహం చురుక్కుమంటుంది, చెక్క ఓర్చుకోదగ్గ వెచ్చగా ఉంటుంది. లోహం తన వేడిని చర్మంలోకి ఎంతో వేగంగా పంపుతుంది. పైగా నల్లటి చట్రం ఎండను ఎక్కువ పీల్చుకుంటుంది. చంటిపిల్లలున్న ఇంట్లో నల్లటి లోహపు సీటు వద్దే వద్దు. లేత రంగు చట్రం, చెక్క చేతిపట్టీలు ఉన్న కలయిక వెతకండి.

గాలి ఆడటం మరో సంగతి. మన ఉక్కపోతలో మందపాటి పరుపు సీటు వీపును చెమటతో తడిపేస్తుంది. నులక మంచానికి, నవారు మంచానికి ఉన్న గొప్పతనం ఇక్కడే తెలుస్తుంది. అల్లిక సందుల్లోంచి గాలి తిరుగుతుంది, శరీరం బరువుకు తగ్గట్టు అల్లికే వంగుతుంది, సడలితే కాళ్ల వైపు తాడు లాగి బిగించుకోవచ్చు, వానొస్తే గోడకు నిలబెట్టవచ్చు, తాడు పాతబడితే చట్రం పారేయకుండా కొత్తగా అల్లించుకోవచ్చు. వేసవి రాత్రి డాబా మీద పడుకోవడానికి దీనికి సాటి వచ్చే ఆధునిక సామాను నాకు ఇప్పటిదాకా కనబడలేదు. ఇప్పుడు ఖరీదైన దుకాణాల్లో అల్యూమినియం చట్రానికి పాలీప్రొపిలిన్ తాడు అల్లిన కుర్చీలు వస్తున్నాయి. సూత్రం అదే, మన్నిక మరికొంత ఎక్కువ. ఎండా వానలకు గురయ్యే చోట మెత్తటి సోఫా కన్నా ఈ అల్లిక కుర్చీనే ఎంచుకోమంటాను.

మెత్తలు తప్పదనుకుంటే గుడ్డను, లోపలి ఫోమ్‌ను రెండింటినీ అడగాలి. దారం తయారయ్యేటప్పుడే రంగు కలిపిన యాక్రిలిక్ గుడ్డ ఎండకు చాలాకాలం వెలవదు. నేసిన తరవాత అద్దిన రంగు ఒకటి రెండు వేసవుల్లో పాలిపోతుంది. నూలు గుడ్డ హాయిగా ఉన్నా వానాకాలంలో బూజు పడుతుంది, దాన్ని సాయంత్రానికి లోపలికి తెచ్చుకునేవాళ్లే వాడాలి. మామూలు ఫోమ్ నీటిని పట్టుకుని రోజుల తరబడి వదలదు. పెద్ద రంధ్రాలున్న త్వరగా ఆరే ఫోమ్‌లోంచి నీరు నేరుగా కారిపోతుంది. తొడుగుకు జిప్ ఉండి ఉతుక్కోగలిగేలా ఉండాలి.

పావురాలు, కోతులు, దోమలు

ఇవి ఏ అమ్మకపు పుస్తకంలోనూ ఉండవు. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో పావురాల రెట్ట పడి ఎండితే పౌడర్ కోటింగ్ మీద, గుడ్డ మీద చెరగని మచ్చ మిగులుతుంది. వల కట్టడానికి పెట్టే డబ్బు కుర్చీ ఖర్చులో భాగమనుకోవాలి. కోతులు తిరిగే ఊళ్లలో మెత్తలు, వికర్ అల్లికలు మర్చిపోవడమే మంచిది. చెక్క, లోహం, రాయి మాత్రమే వాటి చేతికి లొంగవు. బోర్లించకుండా వదిలిన ప్లాస్టిక్ కుర్చీ గుంతల్లో, సామాను మీద కప్పిన పట్టా మడతల్లో వాన నీరు నిలుస్తుంది. డెంగీని మోసే దోమ అలాంటి శుభ్రమైన నీటిలోనే వారం పది రోజుల్లో పెరుగుతుంది. సీటులో నీరు కారే రంధ్రాలు లేని కుర్చీని ఈ ఒక్క కారణంతోనే తిరస్కరించవచ్చు.

ఉయ్యాల విషయంలో జాగ్రత్త రెట్టింపు ఉండాలి. స్లాబుకు డ్రిల్ వేసి బిగించిన చిన్న కొక్కెం కదలని బరువును మోయవచ్చు, ఊగే మనిషి వేసే కుదుపు అంతకన్నా చాలా ఎక్కువ. స్లాబు పోసేటప్పుడే కమ్మీలకు కట్టి దింపిన కొక్కెం ఉంటే దాన్ని వాడండి, లేదంటే వెడల్పాటి అడుగున్న స్టాండు ఉయ్యాల తీసుకోండి. కొక్కెం, గొలుసు రాసుకునే చోటు ప్రతి కొన్ని నెలలకూ చూడాలి. అరుగుదల అక్కడే మొదలవుతుంది.

విదేశాల్లో ఉన్నవారికి ఈ లెక్కలు కొంత మారతాయి. డల్లాస్ చుట్టుపక్కల ఉన్న తెలుగువారి పెరళ్లలో ఎండ మన దగ్గరిలాగే ఉన్నా వడగళ్లు అదనం, అక్కడ గాజు పలక బల్ల కన్నా అల్యూమినియం పట్టెల బల్ల నయం. న్యూజెర్సీ చలికాలంలో గొట్టాల్లో నిలిచిన నీరు గడ్డకట్టి వ్యాకోచించి అల్యూమినియాన్ని కూడా చీల్చగలదు, కాళ్ల అడుగున రంధ్రం అక్కడ మరీ అవసరం. వేసవి ముగిసే వేళ అక్కడి దుకాణాలు ఈ సామానును తగ్గింపు ధరకు అమ్ముతాయి కాబట్టి వసంతంలో తొందరపడి కొనకపోవడం మేలు.

మన కోస్తాకు తుపాను కాలపు జాగ్రత్త ప్రత్యేకం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు గాలి గంటకు 180 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంది. అలాంటి గాలిలో పదో అంతస్తు బాల్కనీలోని అల్యూమినియం కుర్చీ కింద నడిచేవారి ప్రాణానికే ముప్పు. మే నెల సాయంత్రపు గాలివాన చాలు, డాబా మీది గొడుగును గోడ దాటించడానికి. గొడుగు వాడనప్పుడల్లా ముడిచి కట్టాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తీరప్రాంతంలో మడతపెట్టగలిగే సామానే బయట ఉంచి, హెచ్చరిక రాగానే లోపలికి తెచ్చుకోవాలి. తేలేని బరువైన బల్లను గోడలోని కొక్కేనికి తాడుతో కట్టాలి. తుపాను వెళ్లాక బయటి సామాను అంతటినీ మొదట మంచినీటితో కడిగి ఉప్పు పోగొట్టాలి. ఆరాక ప్రతి బోల్టునూ తడిమి సడలినవి బిగించి, పూత లేచిన చోట ఆ వారంలోనే గీకి ప్రైమరు పూయాలి.